పాటలో మాట్లాడేది ఎవరు? ఫోక్, రాక్ గాయనుల గొంతులూ రచనలూ

ఫోక్ (జానపద) గాయని అంటే గిటార్ మీటుకుంటూ మెత్తగా పాడే మనిషి, రాక్ గాయని అంటే గొంతు చించుకుని పాడే మనిషి అని చాలామంది అనుకుంటారు. 1959లో అమెరికాలోని న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదికెక్కిన పద్దెనిమిదేళ్ల జోన్ బాయెజ్‌నీ, 1967లో మాంటెరీ పాప్ ఫెస్టివల్‌ను ఊపేసిన ఇరవై నాలుగేళ్ల జానిస్ జాప్లిన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే అది నిజమే అనిపిస్తుంది కూడా. ఒకరిది అద్దంలా తేటైన గొంతు. ఇంకొకరిది బొంగురుగా, జీరగా, పగిలిపోతూ వచ్చే గొంతు.

కాస్త శ్రద్ధగా వింటే ఈ లెక్క నిలవదు. బాయెజ్ గొంతు మెత్తనిది కాదు. ఆరుబయట వేలమంది కూర్చున్న చోట ఒక్క గిటార్‌తో నిలబడి చివరి వరసకూ అందేలా పాడగల బలం దానికుంది. జాప్లిన్ ఎప్పుడూ అరుస్తూనే ఉండదు. గుసగుసగా మొదలుపెట్టి, మాటను నాన్చి, ఆపి, ఆ తర్వాతే పైకి లేస్తుంది. గొంతు ఎంత పెద్దది అన్నదాని కన్నా, ఆ గొంతు ఎవరి తరఫున మాట్లాడుతోంది అన్నదే ఈ రెండు సంప్రదాయాలనూ విడదీస్తుంది. పాట లోపల మాట్లాడే మనిషి ఎవరు? పాడుతున్న ఆవిడేనా, వేరే ఎవరైనానా? గాయని ఊపిరి తీసే పద్ధతి దగ్గర్నుంచి పాట రాసే పద్ధతి దాకా అన్నీ దీన్నిబట్టే మారతాయి.

బాయెజ్ 1960లో తెచ్చిన మొదటి ఆల్బమ్ "సిల్వర్ డాగర్" అనే పాత జానపద గేయంతో మొదలవుతుంది. అందులో మాట్లాడేది ఒక పెళ్లికాని అమ్మాయి. పక్కనే అమ్మ నిద్రపోతోంది, చేతిలో వెండి పిడిబాకు ఉంది, పెద్దగా పాడి లేపకు అని ప్రియుడికి చెబుతుంది. మగవాళ్లంతా మోసగాళ్లని అమ్మ చెప్పిందనీ, తాను ఒంటరిగానే ఉండిపోతాననీ చెప్పి ముగిస్తుంది. చాలా చిన్న పాట. ఇందులో భయం ఉంది, ప్రేమ ఉంది, తల్లి పడిన దెబ్బ కూతురి బతుకును ఎలా కమ్మేసిందో ఉంది. బాయెజ్ వీటిలో దేన్నీ నటించదు. భయం దగ్గర గొంతు వణికించదు, దుఃఖం దగ్గర ఏడవదు. మొదటి చరణం ఎలా పాడిందో చివరి చరణమూ అలాగే పాడుతుంది. ఆ తారస్థాయిలో సన్నగా, వేగంగా కదిలే కంపనం ఆమె గొంతు స్వభావం. అది ఒక్కో మాటకు అద్దిన భావం కాదు.

దీన్ని చల్లదనం అని విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ విమర్శ జానపద కథాగేయం పని ఏమిటో పట్టించుకోలేదు. వందల ఏళ్లుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాటకు రచయిత పేరు ఉండదు. పాడే మనిషి పక్కకు తప్పుకుంటేనే పాత్రలు కనిపిస్తాయి. మన స్త్రీల రామాయణ పాటల్లోనూ ఊర్మిళ గోడు చెప్పే అమ్మమ్మ తానే ఊర్మిళ అయిపోదు. కథను దాని దారిన పోనిస్తుంది, కన్నీళ్లు వినేవాళ్లకు వస్తాయి. బాయెజ్ గొంతులోని ఆ నిలకడ అలాంటిదే.

ఆమె పాటలు రాయడం తక్కువ. చాలా ఏళ్లు పాత గేయాలూ, బాబ్ డిలన్ లాంటి సమకాలికుల పాటలూ పాడింది. తన సొంత రచనల్లో గట్టిగా నిలిచిన "డైమండ్స్ అండ్ రస్ట్" 1975లో వచ్చింది. పాత ప్రియుడి నుంచి హఠాత్తుగా వచ్చిన ఫోన్ కాల్‌తో మొదలయ్యే ఆ పాటలో మాట్లాడేది ఆమే, అవతలి మనిషి డిలన్. అందులో గొంతు కిందికి దిగింది, మాట్లాడే తీరుకు దగ్గరైంది. కథాగేయాల్లో వినిపించని కొన్ని అంచులు ఇక్కడ బయటికొచ్చాయి. గాయని అదే, పాటలో మాట్లాడే మనిషి మారేసరికి గొంతూ మారింది.

జాప్లిన్ విషయం సరిగ్గా దీనికి ఎదురు. మాంటెరీలో ఆమెకు పేరు తెచ్చిన "బాల్ అండ్ చెయిన్" కూడా ఆమె రాసింది కాదు. అది బిగ్ మామా థార్న్‌టన్ పాట. ఆవిడ అమెరికా నల్లజాతివాళ్ల కష్టాల పాటలైన బ్లూస్ పాడే నల్లజాతి గాయని. థార్న్‌టన్ పాడే తీరులో ఆ పాటకు నిబ్బరం ఉంది. కష్టాన్ని అనుభవించి, దాన్ని చేతిలోకి తీసుకుని చూపించే పెద్దమనిషి గొంతు అది. జాప్లిన్, ఆమె బ్యాండ్ దాన్ని నెమ్మది చేసి, విషాదం ధ్వనించే మైనర్ స్వరాల్లోకి మార్చారు. మాంటెరీ మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఈ పాట నడుస్తున్నప్పుడు ప్రేక్షకుల్లో కూర్చున్న గాయని క్యాస్ ఎలియట్ నోరు తెరుచుకుని చూస్తుండిపోవడం కనిపిస్తుంది. పాట రాసిందెవరో ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. అక్కడ నొప్పి పడుతున్నది ఆ వేదిక మీద నిలబడ్డ మనిషే అని నమ్మించడమే జాప్లిన్ విద్య.

ఆ జీర ఎలా పుడుతుంది? గొంతులో స్వరాన్ని పుట్టించే తంత్రులకు పైన ఇంకో జత మడతలు ఉంటాయి. మామూలుగా పాడేటప్పుడు అవి కదలవు. గట్టిగా బిగించి ఊపిరిని తోసినప్పుడు అవీ అదరడం మొదలవుతాయి. ఒక స్వరం మీద ఇంకో గరుకు స్వరం ఎక్కినట్టు వినిపిస్తుంది. అందుకే జాప్లిన్ కొన్నిచోట్ల ఒకేసారి రెండు స్వరాలు పాడుతున్నట్టు ఉంటుంది. దీనికి ఒక బయటి కారణం కూడా ఉంది. అరవైల్లో గిటార్ యాంప్లిఫయర్ల సైజు పెరిగిపోయింది కానీ, గాయకులకు తమ గొంతు తమకు వినిపించే మానిటర్ స్పీకర్లు చాలా వేదికల మీద ఇంకా సరిగా లేవు. వెనక డ్రమ్స్, పక్కన రెండు ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతుంటే పాడే మనిషికి తన గొంతు వినపడదు, ఇంకా గట్టిగా పాడుతుంది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న క్లబ్ 47 లాంటి కాఫీ హౌస్‌లో ఒక్క గిటార్‌తో పాడిన బాయెజ్‌కు ఆ బాధ లేదు. రాక్ గొంతు అని మనం పిలిచే దానిలో కొంత భాగం స్వభావం, కొంత భాగం అవసరం.

జాప్లిన్ రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "మూవ్ ఓవర్" ఆమె సొంతం. "మెర్సిడెస్ బెంజ్" మరో ఇద్దరితో కలిసి కట్టింది. ఈ రెండోదాన్ని 1970 అక్టోబర్ 1న వాద్యాలేవీ లేకుండా, కాలితో తాళం వేసుకుంటూ రికార్డు చేసింది. మూడు రోజులకు, ఇరవై ఏడేళ్ల వయసులో చనిపోయింది. దేవుణ్ణి కారు ఇప్పించమనీ, కలర్ టీవీ ఇప్పించమనీ అడిగే ఆ పాటలో ఉన్నది కూడా ఆమె కాదు, ఒక పాత్ర. టెక్సస్ చర్చి పాటల బాణీ, బ్లూస్ కథన పద్ధతి రెండూ అందులో ఉన్నాయి. బ్యాండ్ తీసేస్తే జాప్లిన్‌లో ఒక చక్కటి జానపద గాయని వినిపిస్తుంది. ఆవిడ ఇంకో పదేళ్లు బతికి ఉంటే ఆ వైపు ఎంత దూరం వెళ్లేదో అన్న దిగులు ఆ పాట విన్న ప్రతిసారీ కలుగుతుంది.

ఇద్దరినీ గొంతుల పరంగా పోల్చవచ్చు. రచన దగ్గరికి వచ్చేసరికి పోలిక జోనీ మిచెల్‌తోనే మొదలుకావాలి. తెలుగు సినిమా పాట విని పెరిగినవాళ్లకు పాట రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు అన్న ఏర్పాటు చాలా సహజం. సుశీల, జానకి అంత గొప్పగా పాడింది ఇతరులు రాసిన పాత్రల మాటల్ని. మూడు పనులూ ఒక్క మనిషే చేస్తే గొంతుకూ మాటకూ మధ్య సంబంధం ఎంత దగ్గరవుతుందో మిచెల్‌లో చూడవచ్చు.

1943లో కెనడాలో పుట్టిన మిచెల్‌కు తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఎడమ చేయి బలహీనపడింది. గిటార్ మీద మామూలు కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు, పట్టడం కష్టమైంది. దాంతో తీగల శ్రుతినే మార్చుకుంది. వేళ్లు తక్కువగా పెట్టినా నిండుగా మోగేలా, పాటపాటకూ వేరే ట్యూనింగ్. అలా ఆమె వాడిన ట్యూనింగ్‌లు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఫలితంగా ఆమె పాటల్లో కార్డ్‌లు ఎటూ తేలకుండా, ఒక ప్రశ్న దగ్గర ఆగినట్టు ఉంటాయి. ఫోక్ పాటకు అలవాటైన మూడు కార్డ్‌ల మీద అయితే ముగింపు ఎక్కడో వినేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. మిచెల్ పాటలో తెలియదు. అనుమానం, తటపటాయింపు ఆమె మాటల్లోనే కాదు, తీగల్లోనే ఉన్నాయి. పైగా ఆ రోజుల్లో ఆమె గొంతు ఒక్క పదం మధ్యలోనే కింది స్థాయి నుంచి పై స్థాయికి గెంతేది. ఇంకెవరైనా రాసిచ్చిన బాణీలో అలాంటి గెంతులు ఉండవు. తన గొంతు ఎక్కడికి వెళ్లగలదో తెలిసిన మనిషే అలా రాసుకుంటుంది.

ఆమె రాసిన "బోత్ సైడ్స్ నౌ" మొదట జూడీ కాలిన్స్ గొంతులో 1968లో హిట్ అయింది. మిచెల్ తన గొంతుతో 1969లో "క్లౌడ్స్" ఆల్బమ్‌లో పాడింది. మూడు చరణాలు: మబ్బులు, ప్రేమ, జీవితం. ఒక్కోదాన్నీ ముందు ఆశగా చూసి, తర్వాత చేదుగా చూసి, చివరికి తనకేమీ తెలియలేదని ఒప్పుకుంటుంది. ఇరవై మూడేళ్లకు రాసిన పాట ఇది. అంత చిన్న వయసులో జీవితాన్ని రెండు వైపుల నుంచీ చూశానని చెప్పడం కొంచెం ఎక్కువ అనిపించే ప్రమాదం ఉంది. 1969 రికార్డులో ఆ ప్రమాదాన్ని తప్పించింది గొంతే. సన్నగా, తేలిగ్గా, పైపైకి పోయే ఆ గొంతు తెలిసినట్టు చెప్పదు, ఊహించి చెబుతుంది.

ముప్పై ఏళ్లు గడిచాయి. దశాబ్దాల సిగరెట్లు, వయసు కలిసి ఆ గొంతును బాగా కిందికి దించేశాయి. పై స్థాయికి గెంతే శక్తి పోయింది. 2000లో మిచెల్ అదే పాటను పెద్ద ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. మాటలు అవే. ఒక్కో పాదం తర్వాత వదిలిన నిశ్శబ్దం మాత్రం పెరిగింది. ముందు ఊహగా ఉన్నది ఇప్పుడు సాక్ష్యంగా మారింది. ప్రేమ గురించి చెప్పే రెండో చరణంలో ఆమె మాటను స్వరం కన్నా కాస్త ఆలస్యంగా వదులుతుంది, జాజ్ గాయనుల్లా. చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పినట్టుంటుంది. 2015లో మెదడులో రక్తనాళం దెబ్బతిని, నడకా మాటా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిన మనిషి, 2022 జూలైలో న్యూపోర్ట్ వేదిక మీద కూర్చుని ఇదే పాట పాడింది. 2024 ఫిబ్రవరిలో ఎనభై ఏళ్ల వయసులో గ్రామీ వేదిక మీదా పాడింది. ఒకే పాటకు ఇన్ని వయసులు పట్టడం రచన గొప్పతనం. గొంతు పోయినా పాట పోకపోవడానికి కారణం అది రాసిన మనిషి గొంతు కావడం.

మిచెల్ ఫోక్ నుంచి వచ్చి ఫోక్ నియమాన్నే తిరగేసింది. 1971 నాటి "బ్లూ" ఆల్బమ్‌లో పాత్రలు లేవు, పక్కకు తప్పుకున్న గాయని లేదు. ఉన్నది తన బతుకు. వాద్యాలు మాత్రం గిటార్, పియానో, డల్సిమర్ లాంటివే. రాక్ చేసే పనిని ఫోక్ సామగ్రితో చేసిందన్నమాట.

ఇంగ్లండ్‌లో శాండీ డెనీ దీనికి ఎదురుదారిలో నడిచింది. రాక్ సామగ్రితో ఫోక్ పని చేసింది. 1968లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే రాక్ బ్యాండ్‌లో చేరేనాటికి ఆమె లండన్ ఫోక్ క్లబ్బుల్లో పాడుతూ పాత గేయాలు బోలెడు నేర్చుకుని ఉంది. 1969 మేలో ఆ బ్యాండ్ వ్యాన్ ప్రమాదానికి గురైంది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. మిగిలినవాళ్లు కోలుకుని అదే ఏడాది చేసిన "లీజ్ అండ్ లీఫ్" ఆల్బమ్ బ్రిటిష్ ఫోక్ రాక్‌కు పునాది. అందులోని "మ్యాటీ గ్రోవ్స్"లో కథ ఘోరంగా ఉంటుంది. ప్రభువు భార్య ఒక మామూలు కుర్రాణ్ణి ఇంటికి పిలుచుకుంటుంది, భర్త వచ్చి కత్తియుద్ధంలో వాణ్ణి చంపుతాడు, ఇప్పుడు ఎవరు నచ్చారు అని భార్యను అడుగుతాడు, చచ్చిన మ్యాటీయే నయం అంటుంది, ఆమెనూ చంపుతాడు. ఇద్దరినీ ఒకే గోతిలో పూడ్చమని చెబుతూ, తన భార్య గొప్పింటి బిడ్డ కాబట్టి ఆమెను పైన పెట్టమంటాడు. రెండు శవాలు పడ్డాక కూడా కులగౌరవం చూసుకునే మనిషి.

ఎలక్ట్రిక్ గిటార్లూ డ్రమ్స్ వెనక ఉరకలేస్తుంటే డెనీ ఈ కథనంతా నిబ్బరంగా చెబుతుంది. బాయెజ్ గొంతు ఒకే ఎత్తులో సాగుతుంది. డెనీ గొంతులో నీడలు ఎక్కువ. మాట చివర స్వరాన్ని కొద్దిగా వంచుతుంది, ఊపిరిని కొంత వదిలేస్తుంది, బలం ఉందని తెలిసీ దాన్ని చాలావరకు దాచుకుంటుంది. కథ అయిపోయాక మిగిలిన కోపం, హింస అంతా వాద్యాలకు అప్పగించేసింది. పాట రెండో సగం పూర్తిగా వాద్యాలదే. జాప్లిన్ అయితే ఆ హింసను తన గొంతులోకే తీసుకునేది.

ఆ ఆల్బమ్ తర్వాత బ్యాండ్‌లో చీలిక వచ్చింది. ఒకరికి పాత గేయాల్లోకి ఇంకా లోతుగా వెళ్లాలని ఉంది, డెనీకి తన పాటలు తాను రాసుకోవాలని ఉంది. ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు. ఆమె సుమారు ఇరవై ఏళ్ల ప్రాయంలో రాసిన "హూ నోస్ వేర్ ద టైమ్ గోస్" చూస్తే ఆ కోరిక న్యాయమైనదే అనిపిస్తుంది. సాయంకాలం ఆకాశంలో పక్షులు వెళ్లిపోతుంటాయి, వాటికి బయల్దేరే వేళ ఎలా తెలుస్తుందో అని ఆశ్చర్యపడుతుంది, తనకు కాలం అంటే భయం లేదంటుంది. ఇందులో సొంత జీవిత వివరం ఒక్కటీ లేదు. మాట్లాడేది ఆవిడే, కానీ పాత జానపద గేయాల నుంచి నేర్చిన సంయమనంతో మాట్లాడుతుంది. మిచెల్ కన్నా డెనీ రచనల్లో తళుకు తక్కువ, కొన్ని మరీ మబ్బు కమ్మినట్టు ఉంటాయి. ఈ ఒక్క పాటలో మాత్రం ఆమె గొంతూ మాటా ఇంకెవరికీ అందనంతగా కలిసిపోయాయి. 1971లో లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండ్ తమ "ద బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్" పాటలో తమ గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు జంటగా పాడేందుకు ఆమెను పిలిచింది. ఆ బ్యాండ్ స్టూడియో రికార్డుల్లో బయటి నుంచి వచ్చి పాడింది ఆమె ఒక్కతే. 1978 ఏప్రిల్‌లో ముప్పై ఒక్కేళ్ల వయసులో మరణించింది.

రాక్ గాయని ప్యాటీ స్మిత్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గొంతు సౌందర్యం ఆమె దారి కాదు, కవిత్వ పఠనం నుంచి వచ్చిన మనిషి. 1975లో "హార్సెస్" ఆల్బమ్‌ను తన కవితా పాదంతో మొదలుపెట్టి, అలా మాట్లాడుతూ మాట్లాడుతూ వాన్ మోరిసన్ రాసిన "గ్లోరియా"లోకి దూకుతుంది. ఒక అమ్మాయి కోసం మగవాడు పాడే పాట అది. స్మిత్ దాన్ని ఆడవాళ్లకు తగ్గట్టు మార్చలేదు. పాటలోని మగవాడి స్థానంలో తానే నిలబడింది. రాక్‌లో గాయని తన గురించే పాడాలన్న అంచనాను ఆమె అలా పక్కకు నెట్టింది.

ఇన్ని దారులూ ట్రేసీ చాప్మన్ దగ్గర ఒక చోట కలుస్తాయి. 1964లో క్లీవ్‌లాండ్‌లో పుట్టిన చాప్మన్ మొదటి ఆల్బమ్ 1988లో వచ్చింది. అదే ఏడాది జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్బయ్యో పుట్టినరోజు కచేరీ జరిగింది. పగలు ఒకసారి పాడేసిన చాప్మన్‌ను, గాయకుడు స్టీవీ వండర్ పరికరాల్లో ఒకటి దొరకక ఆయన కార్యక్రమం ఆగిపోవడంతో, సాయంత్రం మళ్లీ వేదిక మీదకు పంపారు. అంత పెద్ద స్టేడియంలో ఒక్క గిటార్, ఒక్క గొంతు. ఆ రోజు తర్వాతే "ఫాస్ట్ కార్" ప్రపంచమంతా తెలిసింది.

ఆ పాట నిర్మాణం చూడాలి. తాగుడుకు బానిసైన తండ్రి, వదిలేసి వెళ్లిన తల్లి, చదువు మానేసి తండ్రిని చూసుకున్న అమ్మాయి, కారున్న ప్రియుడు. ఒకే చిన్న గిటార్ వరస తిరిగి తిరిగి వస్తుంటే, చరణాలు దాదాపు మాట్లాడినట్టు, కింది స్థాయిలో, తొందర లేకుండా నడుస్తాయి. పల్లవి రావడానికి చాలాసేపు పడుతుంది. అది వచ్చినప్పుడు డ్రమ్స్ అందుకుంటాయి, గొంతు పైకి లేస్తుంది, కారులో వేగంగా వెళ్లిన ఒక రాత్రి జ్ఞాపకం వస్తుంది. అంటే చరణాలు ఫోక్, పల్లవి రాక్. బతుకు గడుస్తున్నది చరణంలో, ఆశ ఉన్నది పల్లవిలో. ప్రతిసారీ పల్లవి అయిపోగానే ఆ గిటార్ వరస ఆమెను మళ్లీ నేల మీదకు తెచ్చేస్తుంది. మొదట్లో, మనం ఈ రాత్రే వెళ్లిపోదామో ఇక్కడే ఇలా చచ్చిపోదామో తేల్చుకోవాలి అంటుంది. చివరికొచ్చేసరికి తేల్చుకోవాల్సింది నువ్వు అంటుంది. ఇప్పుడు ఉద్యోగం, ఇంటి ఖర్చు అంతా ఆమెదే. అతను తండ్రిలాగే తాగుతున్నాడు. ఎక్కడా తిట్టదు, ఏడవదు. ఒకే ఒక్క మాట మార్చి కాపురాన్ని తేల్చేసింది. ఆ చోట గొంతు కూడా ఏమీ మారదు. బాయెజ్ దగ్గర విన్న నిలకడే ఇక్కడా ఉంది. కాకపోతే ఈ కథాగేయం రాసింది పాడుతున్న ఆవిడే.

2023లో ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకుడు ఈ పాటను మళ్లీ పాడితే అమెరికా చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది. 1988లో చాప్మన్ పాడినప్పుడు ఆరో స్థానం దక్కింది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే డబ్బు రచయితకు, ప్రచురణకర్తకు చేరుతుంది, గాయకుడికి కాదు. కాబట్టి కూంబ్స్ గొంతు రేడియోలో మోగిన ప్రతిసారీ చెల్లింపు చాప్మన్ వైపు వెళ్లింది. జాప్లిన్‌కు చనిపోయాక నంబర్ వన్ స్థానం తెచ్చిన "మీ అండ్ బాబీ మెగీ" విషయంలో ఆ రేడియో ఆదాయం రచయితలుగా పేరున్న క్రిస్ క్రిస్టోఫర్సన్, ఫ్రెడ్ ఫోస్టర్ల వైపు వెళ్లింది. 2023 నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ చాప్మన్‌కు ఉత్తమ గీతం అవార్డు ఇచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆవిడే.

కూంబ్స్ ఆ పాటలో మాటలు మార్చలేదు. సూపర్‌మార్కెట్ కౌంటర్లో పనిచేసే అమ్మాయిని అని పాత్ర చెప్పుకునే చోట, మగ గొంతుతోనే అలాగే పాడాడు. వినేవాళ్లకు ఎబ్బెట్టుగా అనిపించలేదు. పాత కథాగేయాల్లో మగవాళ్లు ఆడవాళ్ల మాటలు, ఆడవాళ్లు మగవాళ్ల మాటలు ఎప్పటి నుంచో పాడుతూ వచ్చారు. చాప్మన్ రాసిన తీరులో ఆ వీలు ఉంది. జాప్లిన్ "బాల్ అండ్ చెయిన్" పాడిన తీరులో లేదు. దాన్ని ఎత్తుకున్న గాయనులు పాటను కాక జాప్లిన్‌ను అనుకరించడం దగ్గరే ఆగిపోవడానికి కారణం కూడా ఇదే.